ఎదురు తన్నిన నీళ్లు

చిట్టి అన్నది ఇంట్లో పిలిచే పేరు. నగరపాలక సంస్థ వాననీటి కాలువల విభాగంలో మాత్రం ఆమెను అందరూ మేడమ్ అనే అంటారు. వదినను ఆ విభాగంలోకి తెచ్చింది ఆమే. "మా వదిన లెక్కలు ఒక్కసారి చూడండి సార్, తర్వాత మీరే వదలరు" అని చీఫ్ ఇంజనీరు వెంటపడి ఇంటర్వ్యూకి పిలిపించింది. వదిన నెగ్గింది. ఇద్దరికీ పక్కపక్క కుర్చీలు. ఇంటి దగ్గర కూడా అంతే, కింది వాటాలో అన్నావదినలు, పై వాటాలో చిట్టి.

ఊరి దిగువ కాలనీలకు వాననీటి పైపులు కొత్తగా వెయ్యాల్సి వచ్చింది. ఎంత వానకి ఏ పైపులో ఎంత నీరు పారుతుందో ముందుగా కంప్యూటర్లో లెక్కకట్టాలి. ఆ లెక్కకి ఏ సాల్వర్, అంటే లెక్క కట్టిపెట్టే ఏ ప్రోగ్రామ్, వాడాలన్న దగ్గర పేచీ మొదలైంది. ఒకటి తేలికది. నీరు ఎప్పుడూ పల్లానికే పోతుందనుకుని, టీ తాగి వచ్చేలోగా జవాబు చెప్పేస్తుంది. రెండోది పూర్తి సమీకరణాలతో కుస్తీ పట్టేది. చివరనున్న పెద్ద కాలువ నిండిపోతే నీరు పైపుల్లోకి ఎలా ఎదురు తన్నుతుందో అది చూపించగలదు. కాకపోతే మహా మొండిది. పొట్టి పైపుల దగ్గర అంకెలు తాగినవాడిలా తూలిపోయేవి.

వదినా ఆడపడుచులిద్దరూ దాని పని పట్టారు. ఒక లెక్కకీ మరో లెక్కకీ మధ్య వ్యవధిని బాగా తగ్గించారు. మరీ పొట్టి పైపులను పక్కవాటితో కలిపేశారు. తూలడం ఆగింది.

"చూశావా, దారికొచ్చింది మొండిఘటం!" అని వదిన చిట్టి బుగ్గ గిల్లింది.

తేలిక సాల్వర్ ప్రకారం, కొత్త పైపుల డిజైనుతో ఆ కాలనీల్లోని పల్లపు వీధికి ఢోకా లేదు. రెండోదాని ప్రకారం, కాలువ నిండిన వేళ ఆ వీధి మ్యాన్‌హోళ్లలోంచి నీరు పైకి తన్ని ఇళ్లలోకి దూరుతుంది.

మీటింగులో చీఫ్ ఇంజనీరుకి ఈ సంగతి రుచించలేదు. డిజైను మార్చాలంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

"రెండూ నడిపింది మీరే కదమ్మా. ఆ రెండోదాన్ని నమ్మొచ్చా?" అని వదినను అడిగాడు.

చిట్టి నిశ్చింతగా కుర్చీలో వెనక్కి వాలింది.

"అంకెలు నిలకడగా ఉండవు సార్" అంది వదిన, బల్లకేసి చూస్తూ. "నన్నడిగితే తేలికదే నయం."

చిట్టి ముందు తను తప్పు విన్నాననుకుంది. "అది సరిచేశాం కదా వదినా!" అంది. ఆఫీసులో వదినా అని పిలవడం అదే మొదలు. ఎవరో కిసుక్కున నవ్వారు. చీఫ్ ఇంజనీరు ఫైలు మూసేశాడు. ప్రాజెక్టు బాధ్యత వదినకి అప్పగించాడు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆపి అడిగింది చిట్టి. "ఎందుకిలా చేశావు?"

"అందరూ నన్ను నీ తోక అంటున్నారే. నువ్వు ఊ అంటే నేనూ ఊ అనాలా? ఒక్కసారైనా నా మాట నాదిగా ఉండొద్దా?"

"నీ మాట చెప్పు, ఎవరొద్దన్నారు? అబద్ధం ఎందుకు చెప్పడం?"

వదిన లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు చిట్టి పల్లపు వీధికి వెళ్లింది. పాత పైపులున్న ఆ వీధి, కిందటి ఏటి వానకి మునిగింది. గోడల మీద నీటి చారలు ఇంకా చెరగలేదు. ఇల్లిల్లూ తిరిగి వాటి ఎత్తు కొలిచింది. అదే వానకి, అవే పాత పైపులకి రెండు సాల్వర్లనీ నడిపింది. తేలికది వీధి పొడిగా ఉందని చెప్పింది. రెండోది చారల దాకా నీరు తెచ్చింది. చీఫ్ ఇంజనీరు ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి, "సరే, రెండోదే కానివ్వండి" అన్నాడు.

ఆ లెక్కతో మార్చిన డిజైను కమిషనర్ ముందు పెట్టిన రోజు మాట్లాడింది ప్రాజెక్టు చూస్తున్న వదినే. "తేలికదాని మీద నాకు మొదటి నుంచీ అనుమానమే సార్. అందుకే గోడల చారలతో సరిపోల్చి చూశాం" అంది, తడుముకోకుండా. చిట్టికి గొంతు దాకా మాట వచ్చింది. నోరు విప్పితే సాల్వర్ గొడవ మళ్లీ మొదలవుతుంది, వీధి మునుగుతుంది. మింగేసింది.

ఇంటికెళ్లేసరికి అన్నయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "మీ వదినని కమిషనర్ మెచ్చుకున్నాడటగా!" అన్నాడు సంబరంగా. చిట్టి జరిగిందంతా చెప్పింది. అతని మొహం వాడిపోయింది.

"పోనీలేవే. ఇంట్లో మనిషే కదా, సర్దుకుపో."

"బయటి మనిషైతే ఈపాటికి సర్దుకునేదాన్నే అన్నయ్యా."

పల్లపు వీధికి పెద్ద పైపులు, నీరు వెనక్కి రాకుండా కాలువలో కలిసే పైపు మూతి దగ్గర తలుపూ మంజూరయ్యాయి. చిట్టి మంచినీటి విభాగానికి బదిలీ అడిగి తెచ్చుకుంది. ఆ సంగతి తెలిసి వదిన మేడెక్కి వచ్చింది.

"నా మీద కోపంతోనేనా?"

"కోపమైతే ఎప్పుడో తగ్గేది. నీ పక్కన కూర్చుంటే స్క్రీను మీద చూపు నిలవట్లేదు వదినా. నువ్వేం చేస్తున్నావోనని నిన్నే చూస్తున్నాను."

వదిన కిందకి దిగిపోయింది. చిట్టి ఆపలేదు.