పాత తెర మీద నింద

ఆయన వృత్తి ముఖాలు బాగుచేయడం. బావమరిది స్టూడియోలో తీసిన ఫొటోలన్నీ ఆయన లాప్‌టాప్‌లోకి వచ్చి చేరతాయి. కళ్ళ కింది నలుపు, నుదుటి మీది జిడ్డు మెరుపు, ట్యూబ్‌లైటు పులిమిన పాలిపోయిన రంగు, అన్నీ అక్కడే వదిలిపోవాలి. మనిషి ఒంటి రంగును ఉన్నదున్నట్టు పట్టడంలో ఆయనది చేయి తిరిగిన పని. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతే తనే గుర్తుచేసేవాడు. ఆ విషయంలో ఆయనకు మొహమాటం లేదు.

అలాంటిది, ఈ మధ్య ఆయన చేతిలోంచి వెళ్ళిన ముఖాలు నీలంగా అచ్చవుతున్నాయి.

"నీళ్ళలోంచి పైకి లాగిన మనుషుల్లా ఉన్నారు బావా. కస్టమర్లు గొడవ చేస్తున్నారు" అని బావమరిది ఫోన్లో నసిగాడు. ఇంకొక్క ఆల్బం పంపిస్తాననీ, అదీ అలాగే వస్తే తాను చేయగలిగిందేమీ లేదనీ అన్నాడు.

తప్పంతా లాప్‌టాప్‌దేనని ఆయన తేల్చేశాడు. పాపం, అదేమీ ఎదురు చెప్పదు కదా. మూత ఒక పక్క విరిగి టేపు మీద నిలబడింది, ఫ్యాను రోజంతా మూలుగుతుంది, వీటికి తోడు తెర పసుపెక్కింది. ఆ పసుపుకు విరుగుడుగా ప్రతి ముఖానికీ కాస్త నీలం కలుపుతూ వచ్చాడు.

కళ్ళ డాక్టరు చెప్పింది మాత్రం వేరు. షుగరు కంటి వెనక నరాన్ని తినేసిందనీ, రంగులు మారి కనిపిస్తాయనీ, పోయిన చూపు తిరిగి రాదనీ ఆమె మెల్లగా, అర్థమయ్యేలా చెప్పింది. ఆయన ఆ మాటను ఆసుపత్రి మెట్ల మీదే వదిలేసి వచ్చాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భయం వేసింది, అంతకుమించి కారణం లేదు. కొత్త లాప్‌టాప్ వస్తే డాక్టరు మాట తప్పని తేలిపోతుందనుకున్నాడు.

కొత్తది రానే వచ్చింది. కూతురు రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. పాతది ఆవులించి, ఒళ్ళు విరుచుకుని, ఎప్పటికో లేచింది. కొత్తది మూత తీయగానే తయారు. పలచగా ఉంది, చప్పుడు లేదు. ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు, మీటలు నొక్కి చూశాడు, మరీ మెత్తగా ఉన్నాయని వంక పెట్టాడు. చూడాల్సింది తప్ప అన్నీ చూశాడు.

చివరికి రెండింట్లోనూ తెల్ల పేజీ తెరిచాడు. రెండూ పసుపే.

వెలుగు పెంచాడు. కిటికీ తెర లాగాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"షాపువాడు మనల్ని ముంచాడమ్మా. దీని స్క్రీనూ పసుపే" అన్నాడు.

కూతురు వంగి చూసింది. "పసుపేంటి నాన్నా? తెల్లగానే ఉందిగా."

"మరి పాతది?"

"అదీ తెలుపే. కాస్త వెలుగు తగ్గింది, అంతే."

నమ్మలేదని గ్రహించి ఆమె ప్రింటరులోంచి ఒక తెల్ల కాగితం లాగి, రెండు తెరల మధ్య నిలబెట్టింది. కాగితం, తెరలు, మూడూ ఆయనకు ఒక్క తల్లి పిల్లల్లా కనిపించాయి. ఇన్నాళ్ళూ తెర పక్కన ఒక కాగితం పెట్టి చూడాలని ఆయనకు తోచలేదు. నిజానికి తోచనివ్వలేదు.

"నాన్నా, ఈ కాగితం నీకు ఏ రంగులో కనిపిస్తోంది?" అంది కూతురు.

ఆయన జవాబు చెప్పేలోగా ఫోన్ మోగింది. బావమరిది.

"కొత్తది వచ్చిందటగా బావా. ఎలా ఉంది? ఆల్బం పంపించెయ్యనా?"

"బాగుందిరా. పాతదీ బాగానే ఉంది" అన్నాడాయన. "ఆల్బం మాత్రం నాకు పంపకు. వేరేవాళ్ళతో చేయించుకో."

"అదేంటి బావా, ఆ మాత్రం దానికే అలకా?"

కూతురు కాగితం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆమె చెయ్యి కూడా పసుపుగానే ఉంది. ఇక మీదట ఈ పిల్ల ముఖం అసలు రంగు తనకు తెలియదు.

"అలక కాదురా. నా కళ్ళు పోతున్నాయి."