తప్పు చెప్పని పరీక్ష

బెడ్‌పాన్‌లో మళ్లీ రక్తమే. నర్సు దానిమీద గుడ్డ కప్పి పట్టుకెళ్తుంటే దర్జీ ఆవిడ కళ్లు దాని వెంటే పరిగెత్తాయి. మంచం మీద ఆమె కూతురు, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పన్నెండేళ్ల పిల్ల, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

సర్జన్ అప్పుడే చూసి వెళ్లాడు. మందులన్నీ పద్ధతిగా వాడినా జబ్బు ఇలా విరుచుకుపడిందంటే ఇక అది మందులకు లొంగే రకం కాదని, రేపు పొద్దున పెద్దపేగు తీసేయడమే దారని తేల్చేశాడు. సాయంత్రంలోగా సంతకం కావాలన్నాడు.

పేగుల డాక్టరమ్మకు మాత్రం అది మింగుడు పడలేదు. పెద్దపేగులో పుళ్లు పడే ఈ జబ్బు ఏ పిల్లలో సద్దుమణుగుతుందో, ఏ పిల్లలో చెలరేగుతుందో ముందే అంచనా కట్టడం ఆవిడ పని. మొదట్లో వాడిన మందుకి పేగు ఎలా స్పందించిందన్నదే ఆ అంచనాకి పునాది. కిందటి నెల పిచ్చుక మలపరీక్షలో పేగు వాపు ఆనవాలే లేదు. అది చూసే ఆవిడ స్టెరాయిడ్ మాత్రలు చకచకా తగ్గించి ఆపేసింది. ఈ పిల్లకు ఢోకా లేదంది. అలాంటి పేగు ఇంత త్వరగా ఎలా కుళ్లింది?

ఆవిడ దర్జీ ఆవిడను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించింది.

"పాత నమూనా ఇంకా ల్యాబు ఫ్రీజర్‌లోనే ఉందమ్మా. మళ్లీ చేయించాను, అదే ఫలితం. పరీక్ష తప్పు చెప్పలేదు. ఆ డబ్బాలో ఉన్నదే మీ అమ్మాయిది కాదని నా అనుమానం."

అదే నిజమైతే పిల్ల మందుకి లొంగకపోవడం కాదు, మందే అర్ధాంతరంగా ఆగిపోయింది. కోతకు ముందు ఇంకా బలమైన మందు నరంలోకి ఎక్కించి చూడొచ్చు. కానీ ఉత్త అనుమానానికి సర్జన్ ఆగడు. ఎవరు మార్చారో, ఎలా మార్చారో తెలియాలి.

ఎవరో ఆమెకు వెంటనే తట్టింది. మాత్రలకి పిల్ల మొహం ఉబ్బినప్పటి నుంచీ, మనవరాలిని ఆసుపత్రి వాళ్లు పాడుచేస్తున్నారని రోజూ సణిగింది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి కింద అంతస్తులో బెంచీ మీద చెప్పులు విప్పుకుని కూర్చుని ఉంది. డబ్బా సంగతి కోడలు అడిగిన తీరుకే అత్తగారికి ఒళ్లు మండింది.

"నీ కళ్లకి ఎప్పుడూ నేనే కనబడతాను. కూరలో ఉప్పెక్కువైనా నేనే, పిల్లకి రక్తం పడినా నేనే."

"మాత్రలు ఆపించాలని అన్నది మీరే కదా అత్తయ్యా."

"అన్నాను. చేత్తో చేసేదాన్నయితే నోరెందుకు పారేసుకుంటాను?"

ఆ మాట సూదిలా దిగింది. నిజమే, ఈవిడ నోట్లో నువ్వుగింజ కూడా నానదు. మరి ఇంట్లో ఇన్నాళ్లూ నోరెత్తని వాళ్లెవరు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమె మెట్లెక్కి పైకొచ్చింది.

బస్సు నడిపే ఆమె భర్త డ్యూటీ చొక్కాతోనే వార్డు బయట నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే ఒకటే అడిగాడు, డాక్టరమ్మ డబ్బా గురించి ఏమంటోందని.

డబ్బా ఊసు అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆమె అతని మొహంలోకి చూసింది. గుమ్మడికాయల దొంగ అనకముందే అతను భుజాలు తడుముకున్నాడు. తర్వాత గోడకి ఆనుకుని, ముక్కలుముక్కలుగా చెప్పాడు. కిందటి నెల పరీక్ష రోజు పొద్దున డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్తూ ల్యాబులో ఇద్దామనుకున్నాడు. బస్సులో సడన్ బ్రేకుకి అది సీటు కిందకి దొర్లి మూత ఊడిపోయింది. అది నింపడానికే పిల్ల బాత్రూంలో సిగ్గుతో, నొప్పితో వెక్కివెక్కి ఏడ్చింది. మళ్లీ ఇవ్వమని దాని మొహం చూసి అడగలేకపోయాడు. మందుల షాపులో ఇంకో డబ్బా కొన్నాడు. డిపో బాత్రూంలో తన మలంతోనే దాన్ని నింపాడు.

"తగ్గుతోంది కదా, ఎవరిదైతేనేం అనుకున్నానే. రిపోర్టు బాగుందనగానే అది ఎంత నవ్విందో నువ్వూ చూశావుగా. ఆ తర్వాత నోరు పెగల్లేదు." అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ల్యాబు వాళ్లే తారుమారు చేశారని చెబుదాం. పిల్లకి తెలిస్తే నన్ను జన్మలో నాన్నా అని పిలవదు."

ఒక్క క్షణం ఆమె మనసు ఊగింది. అతను ఎంత మెత్తని మనిషో ఆమెకు తెలుసు. ఆ మెత్తదనమే పిల్ల పేగు మీదకి తెచ్చింది. ల్యాబు మీదకి తోస్తే విచారణ అంటారు, వాళ్లు కాదంటారు, వీళ్లు ఔనంటారు. ఈలోగా కత్తి ఆగదు.

ఆమె చెయ్యి విడిపించుకుంది. లోపల సర్జన్ సంతకం కాగితంతో, డాక్టరమ్మ చేతులు కట్టుకుని, మంచానికి చెరోవైపు ఉన్నారు. పిచ్చుక కళ్లు తెరిచే ఉంది. పిల్లను పక్కకి పంపే వీలు లేదు. వెనకే వచ్చిన భర్త గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"కోయకండి సార్. దాని మీద మందు ఓడిపోలేదు, అబద్ధపు డబ్బా చూసి మీరు ఆపేశారు." ఆమె వెనక్కి తిరగకుండానే గుమ్మంవైపు చెయ్యి చూపించింది. "అది మార్చింది ఈయనే. నా మొగుడు, దాని తండ్రి."