చేతుల మీద నీళ్లు

కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసొచ్చిన సువర్ణకి ఒళ్లంతా నీరసమే. అలాంటిది ఆ రోజు పొద్దున్నే లేచి చేపల పులుసు పెట్టిందంటే ఎవరొస్తున్నారనుకున్నారు? అబెబా. ఇథియోపియా మనిషి. కువైట్‌లో ఒకే ఇంట్లో చేసి, ఒకే గదిలో పక్కపక్కన పడుకున్న మనిషి. విశాఖపట్నంలో చదువుకుంటున్న తమ్ముణ్ణి చూడ్డానికొచ్చి, సువర్ణ మొహం చూడకుండా ఎలా పోతానని రాజోలు బస్సెక్కేసింది.

ఆటో దిగేసరికే వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చేసింది. పక్కింటి లోవమ్మ ఊరుకుంటుందా మరి?

"అంత నలుపేంటే తల్లీ! రాత్రికి ఉంటాదా ఏంటి? మా పిల్లలు జడుసుకుంటారే."

"మీ ఆయన్ని చూసి జడుసుకోని పిల్లలు దీన్ని చూసి జడుసుకుంటారా పిన్నీ?"

నవ్వుతూనే అంది గానీ సువర్ణ మనసు చివుక్కుమంది. అబెబాకి తెలుగు రాదు, అదే మేలు. ఇద్దరికీ వంటింటి అరబ్బీయే భాష.

ఇంట్లో మళ్లీ అత్త వరహాలమ్మ. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి.

"అరుగు మీదే పెట్టు. విస్తరాకులో పెట్టు. మన కంచాలు తియ్యకు."

"నూనె పడి నా చెయ్యి కాలినప్పుడు, మానేదాకా తన చేత్తో అన్నం పెట్టిందండీ అత్తయ్యా."

"ఆ చేత్తోనా తిన్నావు?"

"ఆయ్. తినే బతికేను."

సువర్ణకి కావలసింది ఒక్క పూట. తన ఇంట్లో అబెబా తనతోపాటు కూర్చుని తినాలి, అంతే. అక్కడ మేడమ్ వీళ్లిద్దరి గ్లాసులూ సింకు కింద విడిగా పెట్టించేది. ఆ గ్లాసుల్లోనే టీ పోసుకుంటూ సువర్ణ "మా ఇంటికి రా, చూద్దువుగాని" అని ఎన్నిసార్లు చెప్పిందో పాపం.

అబెబా చేతులు కడుక్కుంటానని సైగ చేసింది. చెంబు ఎక్కడ ముట్టుకుంటుందోనని వరహాలమ్మే గబుక్కున లేచి, ఎత్తుగా పట్టుకుని పైనుంచి పోసింది. చిన్నప్పుడు ఊడ్పుల్లో దాహమంటే కామందుగారి భార్య ఈవిడ దోసిట్లో అచ్చం అలాగే పోసేదట. ఆ సంగతి చెప్పుకుని ఇప్పటికీ ఏడుస్తుంది ఈవిడ.

అబెబా కళ్లనీళ్లు పెట్టుకుంది. వంగి, తడిచేతుల్తో వరహాలమ్మ మోకాళ్లు తాకి ఏదో అంది.

"ఏమంటుందే?"

"వాళ్లూళ్లో చుట్టమొస్తే ఇంటివాళ్లే చేతుల మీద నీళ్లు పోస్తారంటండీ. ఇంత పెద్దావిడ లేచి పోసేసరికి వాళ్లమ్మ గుర్తొచ్చిందంట."

వరహాలమ్మ చెంబులో నీళ్లయిపోయినా అలాగే వంచి పట్టుకుంది. కాసేపటికి, "లోపలికి రమ్మను. కంచమే తియ్యి. నా పక్కన మాత్రం కూర్చోబెట్టకు," అంది.

సువర్ణకి ఉన్న కాస్త సత్తువా జారిపోయినట్టయింది. అక్కడా అంతే, ఇక్కడా అంతే. లోపలికి రమ్మన్న మాట అరబ్బీలో చెప్పింది. పక్కన కూర్చోవద్దన్నది చెప్పడానికి ఓపిక లేక ఊరుకుంది.

ఇంకేముంది, అబెబా తిన్నగా వెళ్లి పెద్దావిడ పక్కనే బాసింపట్టు వేసుకు కూర్చుంది. వరహాలమ్మ కాస్త జరిగింది. తనకి చోటిచ్చిందనుకుని అబెబా ఇంకా దగ్గరికి జరిగింది. అటుపక్క గోడ.

"పులుసు వెయ్యవే, చల్లారిపోతంది," అంది వరహాలమ్మ, గోడకేసి చూస్తూ.