గాలిమరల కింద ఎనిమిదిన్నర

"చచ్చినవి ఎక్కడికి పోతాయే, టిఫిన్ చేసిపెట్టి వెళ్ళు" అన్నాడు మా ఆయన, నేను ఈ ఉద్యోగంలో చేరిన మొదటి రోజున.

కరెంటు తీసే గాలిమరల రెక్కలు తగిలి కింద చచ్చిపడిన గబ్బిలాలను వెతికి లెక్క రాయడం నా పని. ఒక్కో మర చుట్టూ గడ్డి కొట్టించిన నేల ఉంటుంది. అందులో వరుసలుగా, తల వంచుకుని నడవాలి. తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టాలని రూలు. ఆరింటికి నేను పిండి కలుపుతూ ఉండేదాన్ని. మామగారికి వేడినీళ్ళు, అత్తగారి మాత్ర, పిల్లకు జడలు, మూడు డబ్బాలు. అన్నీ ముగించుకుని మర దగ్గరికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఫారంలో 'మొదలుపెట్టిన సమయం' అన్న గడిలో మాత్రం ఆరు అని వేసేదాన్ని. ఒకటో రెండో దొరికేవి. ఏమీ దొరకని రోజు, పోనీలే బతికిపోయాయి అని సంతోషించేదాన్ని కూడా. "మా కోడలు పీనుగుల ఆఫీసరు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. "రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని కూరలు ముట్టుకో" అనేది. కడుక్కునేదాన్ని. ఆ చేతులు వద్దులే, నేను తరుగుతాను అని మాత్రం ఎవరూ అనలేదు.

పోయిన వారం ఇంటిల్లిపాదీ పెళ్ళికి వెళ్ళారు. నాకు సెలవు దొరకలేదు. వంట లేదు గనక సరిగ్గా ఆరింటికి మర కింద ఉన్నాను.

పదకొండు గబ్బిలాలు. ఒకటి ఇంకా వెచ్చగానే ఉంది. నేను సంచులు విప్పుతుండగానే కాకులు దిగాయి. వెనకే ఓ కుక్క, రోజూ వచ్చే అలవాటున్నట్టు తిన్నగా వచ్చింది. చచ్చినవి ఎక్కడికి పోతాయో అప్పుడు చూశాను. తొంభై రోజులుగా నేను రాసుకొచ్చింది కాకులు తినగా మిగిలినవాటి లెక్క.

గాలి మెల్లగా వీచే రాత్రుల్లోనే గబ్బిలాలు ఎక్కువ తిరుగుతాయి. ఆ వేళల్లో మరలు ఆపాలా వద్దా అన్నది నా లెక్క చూసే తేలుస్తారు. సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తాను.

"ఆపక్కర్లేదని తేలిపోయిందమ్మా. రిపోర్టు మొన్ననే వెళ్ళింది, మీ సంతకాలతోనే."

"టైములు తప్పు వేశానండి. దిద్దుతాను."

"దిద్దినా ఎవరూ చదవరు. పైగా ఉద్యోగం పోయేది మీకే." నా మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. "అంతగా ఉంటే ఆలస్యానికి కారణం అన్న గడిలో వాతావరణం అని వేసెయ్యండి. గొడవుండదు."

ఎవరూ చదవరని నాకూ తెలుసు. ఆ మరలు ఇవాళా తిరుగుతాయి, రేపూ తిరుగుతాయి. దారి పొడుగునా ఏడుస్తూనే ఇంటికొచ్చాను.

ఇవాళ పొద్దున, పెళ్ళి నుంచి అందరూ తిరిగొచ్చాక, పొయ్యి మీద పాలు పెట్టి వంటింటి గట్టు మీదే నా దగ్గరున్న ఫారాల కాపీలు పరుచుకున్నాను. "టిఫిన్ ఏదీ" అని ముందుగదిలోంచి మా ఆయన కేకేశాడు. నేను ఆరు కొట్టేసి ఎనిమిదిన్నర వేసుకుంటూ పోయాను. కారణం అన్న గడిలో తొంభైసార్లూ ఒకటే మాట రాశాను: వంట.