నీళ్లు కలిపిన లారీ

హెలెన్ సైటు బట్టలు ఎప్పుడూ వేరే బకెట్లోనే నానతాయి. కాంక్రీటులో కలిపే సన్నటి ఉక్కు పోగులు కుట్లలో ఇరుక్కుని ఇంటిదాకా వస్తాయి మరి. ఆ పొద్దున ఒకటి అత్తగారు ఎలీసమ్మ వేలికి గుచ్చుకుంది. "మొగాళ్ల పనులకి పోతే ఇంటికి ముళ్లే వస్తాయమ్మా" అందావిడ. ముళ్లట! నెల తిరగ్గానే వచ్చే జీతం మాత్రం ఈ ఇంట్లో ఎవరికీ గుచ్చుకోదు. అందరికీ క్యారేజీలు సర్ది, బట్టలు ఆరేసి, హెలెన్ చిలకలూరిపేట బస్సెక్కింది.

అద్దంకి దారిలో కాలవ మీద కడుతున్న వంతెనకి ఆమె క్వాలిటీ ఇంజినీరు. ఉక్కు దూలాల మీద, మామూలు దానికంటే బాగా పలచటి స్లాబు. సిమెంటు ఆదా, బరువు తక్కువ. కాని నీళ్లు కొలత తప్పితే ఆ పలచదనమే కొంప ముంచుతుంది. రేపు దానిమీద మిర్చి లారీలు నడవాలి, పత్తి తీతకెళ్లే ఆడకూలీల ఆటోలు నడవాలి.

ఆమె వెళ్లేసరికి డ్రైవరు బుడాన్ మిక్సర్ లారీ డ్రమ్ములోకి పైపుతో నీళ్లు పడుతున్నాడు. ఎండకి కాంక్రీటు మాలు బిగుసుకుందని మేనేజరు శ్యామ్ సుందర్ పట్టమన్నాడట.

"చపాతీ పిండి గట్టిపడితే మీరు కాసిని నీళ్లు చల్లరా మేడం? ఇదీ అంతే" అని నవ్వాడు శ్యామ్ సుందర్.

"బిగుసుకుంటే కెమికల్ వేస్తామండి, నీళ్లు కాదు. ఈ లోడు పొయ్యడానికి వీల్లేదు."

అతను ఆమెతో వాదించలేదు. తన ఫోన్ తీసి ఆమె భర్త ప్రసన్నకుమార్‌కి కలిపి, సంగతి చెప్పి, ఆమె చేతికిచ్చాడు. ఆమె ఉద్యోగంలో చేరిన రోజు, పిల్లని బళ్లో వేసినట్టు, "ఏదన్నా ఉంటే నాకు చెప్పండి సార్" అని నంబరిచ్చి వెళ్లిన మనిషి ఆయన.

"సర్దుకుపోవే హెలెన్. కాసిని నీళ్లకి వంతెన కూలిపోద్దా?" అన్నాడు ప్రసన్నకుమార్.

సర్దుకుపో! పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే పాట. ఒంగోలులో వచ్చిన ప్రమోషన్ వదులుకుని సర్దుకుంది, జ్వరంతో వంట చేసి సర్దుకుంది. ఇప్పుడు పదిమంది ప్రాణాలు కూడా సర్దాలట. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"బుడాన్, లారీ వెనక్కి తిప్పు. ఇంకో లోడు పంపమని ప్లాంటుకి నేను చెబుతా."

బుడాన్ మేనేజరు వంక చూడకుండానే లారీ స్టార్ట్ చేశాడు.

"ఏమండీ, పోత అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను. అన్నం మీరు వండండి" అని చెప్పి, హెలెన్ ఆ ఫోన్ తిరిగి శ్యామ్ సుందర్ చేతికిచ్చింది.

"ఇందులోంచి మా ఆయన నంబరు తీసెయ్యండి."