చిప్ పలికిన మధ్యాహ్నం

"ఈ తీగలు తీస్తే అన్నం తింటాం," అన్నాడు భర్త, కోపమేమీ లేకుండానే. ఆమె భోజనాల బల్ల మీది, తీగలు అతికే సాల్డరింగ్ ఐరన్, చిన్న బోర్డు, యూఎస్‌బీ కేబుల్ పళ్ళెంలోకి ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టింది. పూటపూటా పరచడం, పూటపూటా ఎత్తడం. సగం ఓపిక అందులోనే అయిపోయేది.

"ఇంతకీ అదేం చేస్తుందే?" అంది అత్తగారు.

"డీబగ్గర్ అత్తయ్యా. పాత చిప్ లోపల ప్రోగ్రాం ఎక్కడ తడబడుతోందో, మధ్యలో ఆపి చూపిస్తుంది."

"నోరులేనిదాన్ని మాట్లాడిస్తావన్నమాట! ముందు మన మిక్సీతో మాట్లాడు. నిన్నట్నుంచి ఒకటే మూలుగు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే అదో మాట.

పాప పుట్టకముందు ఆమె అల్లిక యంత్రాల కంపెనీలో ప్రోగ్రాములు రాసేది. ఈమధ్య అప్పటి మేనేజర్ మేడమ్ ఫోన్ చేసింది. మన దగ్గర కొన్న మిల్లులో నీ కాలంనాటి యంత్రాలు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయి, వాటి లోపలి పాత చిప్‌కి పనికొచ్చే డీబగ్గర్లు ఇప్పుడెవరూ చెయ్యడంలేదు, దాని సంగతి తెలిసినదానివి నువ్వే, తిరిగి వచ్చేస్తావా అని. వెంటనే వచ్చేస్తానని చెప్పాలనిపించింది. నోరు మాత్రం "ఇంట్లో అడిగి చెప్తాను మేడమ్" అంది.

అడగలేదు. ఒకరోజు ఆయన అలసిపోయి వచ్చాడు, ఇంకోరోజు అత్తగారికి ఒంట్లో బాగాలేదు. అడగడానికి బదులు డీబగ్గర్ తయారుచెయ్యడం మొదలుపెట్టింది. అది పనిచేస్తే అడిగే హక్కు వస్తుందని మనసులో ఏ మూలో నమ్మకం. అప్పట్లో కంపెనీ నుంచి తెచ్చుకున్న చిప్ ఒకటి ఇంట్లో ఉంది, అది పలకలేదు. కరెంటు ఇచ్చిన తొలి క్షణంలో కొన్ని సంకేతాలు వరసగా అందితేనే అది ఆగి మాట వింటుంది. ఆ క్షణం దాటితే తన పనిలో పడిపోతుంది. ఆమె అతుకులు ఊడదీసి మళ్ళీ వేసింది, తీగలు మార్చింది, ఇన్నేళ్ళు గరిటె తిప్పిన చెయ్యి కదా, పట్టు తప్పిందేమో అనుకుంది. తప్పు చేతిది కాదు. ఒక మధ్యాహ్నం కుక్కర్ కూతల మధ్య తట్టింది: చిప్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తను పెట్టిన బోర్డు ఒక్కో సంకేతానికీ కంప్యూటర్‌ని అడుగుతోంది. అడిగి, జవాబు కేబుల్ గుండా వచ్చేలోగా ఆ క్షణం కాస్తా దాటిపోతోంది. అలా రాసింది తనే. ఎవరూ చెప్పకుండానే అలా రాయాలని తోచింది. ఆ భాగమంతా కొట్టేసి, పని మొత్తం ఒకేసారి బోర్డుకే అప్పగించింది. చిప్ ఆగింది. దాని లోపలి అంకెలు తెర మీద బారులు తీరాయి. ఎవరికైనా చూపించాలనిపించింది. అత్తగారు కునుకు తీస్తోంది.

మేడమ్‌కి ఫోన్ చేసింది.

"అయ్యో, ఎన్నాళ్ళని చూడనమ్మా? ఆ యంత్రాలు పోయిన వారమే పాతసామానుకి వేసేశారు. నువ్వు మళ్ళీ మాట్లాడకపోతే మీవాళ్ళు వద్దన్నారనుకున్నా."

సాయంత్రం భర్తకి చెప్పింది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

"నన్ను ఒక్కమాట అడగలేదే? అడిగితే వద్దంటానా?"

అనడు. ఎప్పుడూ అనలేదు. "నీ ఇష్టం" అంటాడు. కాస్త ఆగి, "మరి పాప బడి? అమ్మ మందులు?" అంటాడు. ఆ ఆగడం ఎంతసేపుంటుందో కూడా ఆమెకి తెలుసు. అందుకే ఈసారి ఆయనకి ఆ శ్రమ కూడా ఇవ్వలేదు. వద్దన్నది తనే, ఆయన గొంతుతో. ఏడుపు రాలేదు. ఇలా ఇంకెన్నిటికి జవాబు తనే చెప్పేసుకుందో ఒక్కొక్కటే గుర్తొస్తుంటే మాత్రం కూర్చోలేకపోయింది.

"సోమవారం నుంచి పాపని బడికి మీరు దింపాలి," అంది.

"అదేంటి, ఆ ఉద్యోగం పోయిందన్నావుగా? ఎక్కడికెళ్తావు?"

"అదింకా తెలీదు," అంది ఆమె. "దింపాల్సింది మాత్రం మీరే."