అవ్వ బరువు

పోయిన ఏడాది అక్టోబరు పదో తారీఖు, సద్దుల బతుకమ్మ. ఆ రోజు స్రవంతి తిన్నది గుప్పెడు ఉడికిన శనగలు, మీగడ తీసిన పెరుగు, ఒక కీరదోసకాయ. వండింది మాత్రం నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగన్నం, పులిహోర. పొద్దంతా పొయ్యి ముందు నిలబడి పులుపూ ఉప్పూ వాసనతోనే అంచనా వేసింది. గౌరమ్మకు పెట్టకముందు వండిన మనిషి రుచి చూడకూడదన్నది కోరుట్లలోని ఆ అత్తింటి ఆచారం. ఏ ఆచారమూ తన మేలు కోసం పుట్టినట్టు ఆమెకు ఎన్నడూ అనిపించలేదు గానీ, ఆ రోజు అదొక్కటి ఆమెను కాపాడింది. ఎందుకు తినడం లేదని సాయంత్రం దాకా ఎవరూ అడగలేదు.

వాగు ఒడ్డున బతుకమ్మను సాగనంపాక ఆడవాళ్లంతా ఒకరి చేతిలో ఒకరు సద్దులు పెట్టుకుంటున్నారు. అత్త సమ్మక్క బెల్లంతో దంచిన నువ్వుల సద్ది ముద్ద కోడలి అరచేతిలో పెట్టి, అందరికీ వినబడేలా అంది: "తిను పిల్లా. బొక్కలు తేలినయ్. కోడలికి కూడు పెడ్తలేనని నా పేరు ఖరాబ్ చేస్తున్నవ్."

పక్కింటి చిన్నవ్వ నవ్వింది. "నీ కోడలు పయిల్వాన్ అయితాంది సమ్మక్కా. జర పైలం, ఒకనాడు నిన్ను గిట్ల ఎత్తి వాగుల ఏస్తది."

అందరూ నవ్వారు. స్రవంతి కూడా నవ్వి, వాళ్ల చూపు మళ్లగానే ముద్దను కొంగున ముడి వేసుకుంది. జగిత్యాలలో పోటీ దసరా తర్వాతి ఆదివారమే. సూదులు, మందులు లేకుండా కండ పెంచినవాళ్ల పోటీ. అప్పటిదాకా తీపి ముట్టకూడదు.

సిరిసిల్లలో ఆమెను కన్న అవ్వ కూడా ఇట్లాగే ముడి వేసేది. బట్ట నేసే సాంచాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టే అవ్వ, పండగకు సేటు పంచిన మిఠాయిని నోట వేసుకోకుండా కూతురికి కట్టి తెచ్చేది. తను తిన్నానని చెప్పేది. చుట్టీ చుట్టీ అవ్వ కుడి భుజం ఎడమ దానికంటే కిందికి జారింది. పక్షవాతం వచ్చింది కూడా ఆ కుడి పక్కకే. చూసుకోవడానికి వెళ్లిన స్రవంతి ఒక పొద్దున స్నానం చేయిస్తుంటే అవ్వ జారి పడింది. ఒంటి మీద తడి గుడ్డ కూడా సరిగా నిలవలేదు. చంకల కింద చేతులు వేసి లాగింది స్రవంతి. కాళ్లు పట్టి లాగింది. జానెడు కూడా కదల్లేదు. "మొగోళ్లను పిలువకు బిడ్డా," అంది అవ్వ, వంకర పోయిన నోటితో. "సచ్చినంక ఎట్లాగూ మోస్తరు. గప్పటిదాక ఎవ్వల్నీ ముట్టనియ్యకు." కింద బండ చల్లగా ఉంది. అవ్వ వణుకుతూ ఉంది. చివరికి స్రవంతి వీధిలోకి పరిగెత్తి పిలిచింది.

మంచివాళ్లే వచ్చారు. ముఖాలు పక్కకు తిప్పుకునే ఎత్తారు. ఒకాయన తన భుజం మీది తువ్వాల తీసి ముందే అవ్వ మీద కప్పాడు. ఆ తువ్వాలను స్రవంతి ఇప్పటికీ దండం పెట్టినట్టు తలుచుకుంటుంది. కానీ అవ్వ కళ్లు మూసుకుంది. బతికిన ఆ కొద్ది రోజులూ గోడ వైపే తిరిగి పడుకుంది. కూతురితో మళ్లీ మాట్లాడలేదు.

జగిత్యాలలో స్రవంతి పనిచేసే చీరల దుకాణంలో ఆడపిల్లలు కూర్చోవడానికి స్టూలు ఉండదు. "కూసుంటే గిరాకీ కూసుంటది," అంటాడు సేటు. మధ్యాహ్నం అన్నం కోసం ఇచ్చే గంటలో ఆమె పక్క సందులోని జిమ్ముకు వెళ్లేది. మగవాళ్లు రాని ఆ వేళ ఆడవాళ్లకు మిస్బా నేర్పేది. మొదటి రోజు మిస్బా బుర్ఖా కొక్కేనికి తగిలించి, చున్నీ నడుముకు బిగించి అడిగింది: "సన్నగ అవ్వనీకా?"

"కాదు ఆపా. మనిషిని ఎత్తనీకి."

మిస్బా ఆమెను బరువులు తగిలించిన కడ్డీ ముందు నిలబెట్టి, "మోకాళ్లు వంచు, నడుము కాదు. దగ్గరికి తీసుకో, బచ్చాను తీసుకున్నట్టు," అంది. అంతవరకూ తన ఒంటికి నొప్పి ఎక్కడుందని అడిగినవాళ్లు లేరు. బలం ఎక్కడుందో చూపించిన మనిషి ఆమే.

అంతకు ముందు ఏడాది నిజామాబాదులో మూడో స్థానం వచ్చింది. పతకం సంచిలో పెట్టుకుని ఇల్లు చేరేసరికి తొట్టి నిండా అంట్లు. "గా పీలికలేసుకొని గంతమంది ముందట నిలవడ్డవా?" అంది అత్త. భర్త వేణు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా, "కండలు నాకుండాలె గానీ నీకెందుకే?" అన్నాడు. ఆమె అంట్లు తోముతూ అనుకుంది: బతుకంతా కొంగు జారనివ్వని అవ్వను ఆఖరికి నలుగురూ చూడనే చూశారు. ఆమె వద్దంటుండగా చూశారు. నేను నా అంతట నేను నిలబడితే వీళ్లకు సిగ్గు.

పోటీకి ముందు రోజు, శనివారం సాయంత్రం, పెరట్లో నీళ్లు పోసుకుంటూ అత్త జారి పడింది. కేక విని చిన్నవ్వ ఉరికొచ్చింది. వెనక వీధిలో గొంతులు. "మొగోళ్లను పిలువుండ్రి, జల్ది!" అంటోంది చిన్నవ్వ. తడి చీర మోకాళ్ల పైకి చుట్టుకుపోయి, సమ్మక్క రెండు చేతులతో ఒళ్లు దాచుకుంటూ, "వద్దు, వద్దు," అంటోంది.

స్రవంతి పెరటి తలుపు గడియ పెట్టింది. పొడి చీర కప్పింది. ఒక చేయి వీపు కింద, ఒక చేయి మోకాళ్ల కింద వేసి, దగ్గరికి తీసుకుని లేచింది. అత్త ఇంత తేలికా! సమ్మక్క ఆమె మెడను గట్టిగా పట్టుకుంది. ఆ నాలుగు అడుగులూ స్రవంతి కళ్లకు ఏమీ కనిపించలేదు. ఇప్పుడు చేతులున్నాయి. అవ్వ లేదు.

డాక్టరు వచ్చి, ఎముక విరగలేదు, పాదం మాత్రం నేల మీద మోపొద్దన్నాడు. వేణు వచ్చి అంతా విని, తేలికపడి, నవ్వాడు. "నీ జిమ్ము ఇన్నొద్దులకు అక్కరకచ్చింది. ఇగ రేపు యాడికి పోకు. అమ్మను ఎవరు లేపుతరు?"

మంచం మీంచి అత్త కూడా అంది: "పోకు బిడ్డా."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ నోట 'బిడ్డా' అన్న మాట ఇదే మొదలు. ఆ పిలుపు కోసం స్రవంతి ఎంత ఆకలితో ఉన్నదో ఆమెకే తెలుసు. ఆ ఒక్క మాట కోసం ఉండిపోవచ్చు కూడా. ఉండిపోతే ఈ బలమూ రేపటి నుంచి పొయ్యి లాగా, చీపురు లాగా ఇంటి సామాను అవుతుంది.

ఆమె వచ్చి వేణు ముందు నేల మీద వెల్లకిలా పడుకుంది. అవ్వ పడ్డట్టే, కుడి చేయి ఒంటి కింద నలిగేలా. ఒళ్లంతా వదిలేసింది.

"ఏందే ఇది?"

"ఎత్తు."

"నా నడుము—"

"నడుముతోని కాదు. మోకాళ్లు వంచు. దగ్గరికి తీస్కో."

మొదటిసారి వేణు చేతకాక కూలబడ్డాడు. రెండోసారి ఊపిరి బిగబట్టి లేచాడు. గాలిలో, అతని చేతుల మీద, స్రవంతికి హఠాత్తుగా ఏడుపు వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి తనను ఎవరైనా ఎత్తడం ఇదే మొదలు. వేణు మెల్లగా, పగిలే వస్తువును దించినట్టు దించాడు.

"కొడుకు ముట్టుకునుడేంది, నాకు సిగ్గు," అని గొణిగింది సమ్మక్క.

"నువ్వు మోసినోడే గదా అత్తా. ఒక్కరోజు నిన్ను మోయనీ."

అత్త గోడ వైపు తిరగలేదు. కోడలినే చూస్తూ ఉంది.

స్రవంతి పోటీ బట్టలు సంచిలో సర్దింది. వాటి మీద, డబ్బాలో దాచిన నువ్వుల సద్ది ముద్దను కాగితంలో చుట్టి పెట్టింది. రేపు వేదిక దిగాక తినాలి. తనే తినాలి. తిన్నానని అబద్ధం చెప్పకూడదు.

వేణు చాప, చెంబుతో నీళ్లు తీసుకుని తల్లి గదిలోకి వెళ్లాడు. వెనక్కి తిరిగి ఆమెను ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.